చివరి బంతిలో క్లారినెట్

పొగరుకి ఆస్తితో పని లేదు. ఈ సంగతి నాకు ఆ రోజుల్లోనే తెలిసి ఉండవలసింది. ఆ రోజులంటే ఎనభైల మొదటి సంవత్సరాలు. నేను అమెరికాలో, సన్నీవేల్ అనే ఊళ్ళో ముగ్గురం కలిసి ఉండే అద్దె అపార్ట్‌మెంట్‌కీ ఆఫీసుకీ మధ్య సెకండ్ హ్యాండ్ సైకిల్ తొక్కుతుండేవాణ్ణి. వయసు ఇరవై అయిదు. తెల్లకోటు వేసుకుని, తలకి గుడ్డటోపీ పెట్టుకుని, కంపెనీలో తయారైన కంప్యూటర్ చిప్పులు మంచివో చెడ్డవో తేల్చడం నా పని (ఇంటికి రాసే ఉత్తరాల్లో 'పరీక్షాధికారి' అని రాసుకునేవాణ్ణి). మాది ఒకప్పుడు దివాణం. నేను పుట్టేనాటికి అందులో మిగిలినవి రెండే: ఎండుమిరపకాయలు పోసుకోవడానికి పనికొచ్చే ఒక పల్లకీ, కూర్చున్నప్పుడు వీపు దేనికీ ఆనించకూడదనే ఒక నియమం. పల్లకీ అన్నయ్యకు వెళ్ళింది, నియమం నాకు వచ్చింది. అందుచేత సైకిల్ మీద కూడా స్తంభంలాగే కూర్చునేవాణ్ణి. ఎదురుగాలి కొట్టినప్పుడు మిగతావాళ్ళు హ్యాండిల్ మీదికి వంగి తొక్కుకుంటూ పోయేవారు. నేను దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాణ్ణే గాని వంగేవాణ్ణి కాదు.

ఆ ఊళ్ళో నాకున్న చుట్టాలు మా పెదనాన్నగారి అమ్మాయి, ఆవిడ భర్త. అక్కదీ అదే దివాణం, అదే పల్లకీ. అయితే ఆవిడ అమెరికాలో దిగిన మర్నాడే ఆ సంగతి మరిచిపోయి హాయిగా బతుకుతోంది. బావగారు ఆ యేడు తెలుగు సంఘానికి అధ్యక్షులు. సంఘమంటే ఓ నలభై కుటుంబాలు, ఒక పెద్ద కాఫీ డ్రమ్ము. ఉగాదికి ఓ స్కూలు వాళ్ళ భోజనాల హాలు ఆదివారానికి అద్దెకి తీసుకున్నారు. ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికి అక్క వంటింట్లో కూర్చున్నాం.

"పిల్లలకి ఏదైనా పెట్టాలిరా. లాస్ట్ ఇయర్ స్పీచ్‌లయ్యేసరికి హాల్లో ఒక్కడు లేడు. అందరూ పార్కింగ్ లాట్‌లో ఉన్నారు," అంది అక్క.

"నేను పద్యాలు చదువుతాను."

"అప్పుడు పెద్దవాళ్ళూ పార్కింగ్ లాట్‌లోనే ఉంటారు."

బావగారు నవ్వు ఆపుకుని, "కార్టూన్లు వేద్దామయ్యా. లైబ్రరీలో రీల్స్ అరువిస్తారు. నువ్వెళ్ళి బుక్ చేసుకునిరా," అన్నారు.

నేను రెండు షరతులు పెట్టాను. ఒకటి, రంగుల బొమ్మలు వద్దు (రంగు చవకబారుదనీ, నలుపు తెలుపుల్లో ఒక వంశగౌరవం ఉంటుందనీ అప్పటి నా అభిప్రాయం). రెండు, అందరూ పళ్ళేలు పట్టుకుని క్యూలో నిలబడే పద్ధతి పనికిరాదు. టేబుళ్ళు వరసగా వేసి, బంతులుగా కూర్చోబెట్టి వడ్డించాలి. భోజనాల బాధ్యత నెత్తిన వేసుకునే మనిషి మరొకడు దొరకలేదు కనక బావగారు సరేనన్నారు. అక్క మాత్రం, "రాజావారికి బోయీలు కూడా కావాలేమో కనుక్కోండి," అని స్టవ్వు వైపు తిరిగింది.

లైబ్రరీలో సినిమా రీళ్ళు ఇచ్చే కౌంటర్ దగ్గర ఒక నల్లజాతి పెద్దాయన కూర్చునేవాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. రీళ్ళు ముట్టుకునేటప్పుడు తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుంటాడు. ఏ పని మొదలుపెట్టినా ముందు రెండు వేళ్ళతో బల్ల మీద టకటకమని రెండుసార్లు కొడతాడు. (అక్క పిల్లలు తరవాత ఆయనకి రీళ్ళ తాత అని పేరు పెట్టారు. నేనూ అదే వాడతాను.) నలుపు తెలుపు బొమ్మల సినిమాలు కావాలన్నాను.

"సంగీతం ఉన్నవి ఉన్నాయి. నేను నీ వయసులో ఉన్నప్పటివి," అన్నాడు. (ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే కావడం ఆ రోజుల్లో నాకో పెద్ద బాధ. ఎవరన్నా యూ అనగానే, ఏ యూ అయి ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి.) "ముందు కాసేపు నిజం బ్యాండ్ కనిపిస్తుంది. జాజ్ వాయిస్తారు. తరవాత వాళ్ళే బొమ్మలైపోతారు. పిల్లలకి నచ్చుతుంది."

"ప్రొజెక్టర్ తిప్పడానికి మనిషి కూడా కావాలి."

"అయిదు నిమిషాల పని. నేర్పిస్తాను."

"అది మేం నేర్చుకునే పని కాదు," అన్నాను, వీపు ఇంకొంచెం నిటారు చేసి.

ఆయన నన్ను కాసేపు చూశాడు. బల్ల మీద టకటక. "ఆ రీలయితే నేనే వస్తాను," అన్నాడు. మా వంశం మొహంలో కనిపించి ఉంటుందనుకున్నాను.

భోజనాలకి గ్రాఫు కాగితం మీద చార్టు వేశాను. మొదటి బంతి పిల్లలూ వాళ్ళ తల్లులూ. రెండో బంతి అధ్యక్షులు, వక్తలు, పెద్దలు (నేను అక్కడే). చివరి బంతి వడ్డించినవాళ్ళు, కుర్చీలు సర్దినవాళ్ళు, ప్రొజెక్టర్ ఆపరేటర్. మా దివాణంలో పెళ్ళిళ్ళకి వంటవాళ్ళూ బోయీలూ భజంత్రీలూ చివరి బంతిలోనే కూర్చునేవారు. ఆపరేటర్ ఏ బంతి అనే ప్రశ్నే నాకు రాలేదు. ప్రశ్న రాకపోవడాన్నే మా ఇంట్లో పెంపకం అనేవాళ్ళు.

రీళ్ళ తాత పొద్దున్న పదిన్నరకే సూటూ బో టై వేసుకుని, ప్రొజెక్టర్ మోసుకుంటూ వచ్చాడు. గోడవార కుర్చీలో కూర్చుని రెండు బంతులు లేచేదాకా చూస్తూ ఉన్నాడు. చేతులు కడుక్కుని వస్తూ బావగారు, "ఆయన్ని మనతో కూర్చోబెట్టవలసిందయ్యా, పెద్దాయన," అన్నారు.

"కూర్చుంటారు బావగారూ, చార్టులో ఉంది," అన్నాను.

చివరి బంతి వచ్చేసరికి పులిహోర అయిపోయింది. బొబ్బట్లు రెండో బంతిలోనే అయిపోయాయి (నేను మూడు తిన్నాను). పెరుగన్నం, ఆవకాయ మిగిలాయి. పొద్దున్నించీ వడ్డిస్తూ చెమటలు కక్కుతున్న అక్క కొంగు దోపుకునే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన కాగితం ప్లేటు అంచు మీద రెండు వేళ్ళతో టకటకలాడించి చెంచా తీసుకున్నాడు. (కంచం మీద తాళం వెయ్యడం అశుభమని మా నాయనమ్మ అనేది. చదువుకోని మనిషి, పోనీలే అనుకున్నాను.) అక్క ఏదో చెబుతోంది. ఆయన వింటున్నాడు, ఏదో తిరిగి పలుకుతున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఒకసారి అక్క ఆవకాయ అంటిన వేలితో నన్ను చూపించింది కూడా. అక్క ఆపరేటర్ని బాగానే చూసుకుంటోందని దూరం నించి తృప్తిపడ్డాను.

తరవాత కిటికీలకి అట్టలు కట్టి చీకటి చేశాం. పిల్లలు నేల మీద కూర్చున్నారు. నేను మైకు పుచ్చుకుని ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాను. పద్యాలెలాగూ చదవనివ్వలేదు, కనీసం వ్యాఖ్యానమైనా చేద్దామని. టకటకమని చప్పుడైంది, తెర వెలిగింది. వేదిక మీద పదిమంది నల్లవాళ్ళు తెల్లకోట్లు వేసుకుని, ఇత్తడి వాయిద్యాలతో కూర్చుని ఉన్నారు. ముందొకాయన తాళం చూపిస్తూ చేతిలో చిన్న కర్ర ఊపుతున్నాడు.

"పిల్లలూ, వీళ్ళు అమెరికా భజంత్రీలు," అన్నాను మైకులో.

పెద్దవాళ్ళు నవ్వారు. జనం నవ్వితే మనిషి ఆగడు.

"మా దివాణంలో అయితే వీళ్ళకి చివరి బంతిలోనే భోజనం."

ఈసారి హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా సద్దుమణగక ముందే తెర మీది బొమ్మ దగ్గరికొచ్చింది. క్లారినెట్ పట్టుకున్న ఒక కుర్రాడు. సన్నంగా, పొడుగ్గా, బో టైతో. వాయిద్యం పెదాలకి ఆనించబోయే ముందు రెండు వేళ్ళతో మోకాలి మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. అదే క్షణాన నా పక్కన, ప్రొజెక్టర్ లోంచి కారే వెలుతురులో, ముడతలు పడిన చెయ్యి ఒకటి బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

అప్పుడా కుర్రాడు వాయించాడు. దాని గురించి రాయడానికి నాకు సంగీతం తెలియదు. పది సెకన్లు వాయించాడేమో. ఆ తరవాత సిరా చుక్కలా కరిగి, పొడుగుముక్కు కొంగగా మారిపోయాడు. ఆ ముక్కే క్లారినెట్. పిల్లలు పడి పడి నవ్వారు. నేను మైకు కట్టేశాను. పిల్లలు మళ్ళీ వెయ్యమని గోల చేస్తే ఆయన రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. రెండోసారి నేను తెర వైపు చూడలేదు. బల్ల మీది చెయ్యి చూశాను. మళ్ళీ టకటకమంది.

అంతా అయ్యాక ఆయన వైరు చుట్టుకుంటూ అడిగాడు. "నువ్వేదో అన్నావు, అందరూ నవ్వారు. ఏమన్నావు?"

నిజం చెప్పడానికి అదే అదను. పెద్దాయనా, తప్పు మాట అన్నాను, మీరని తెలియదు, అంటే సరిపోయేది. మా వంశంలో తప్పయిందన్న మాట ఎవరూ వాడినట్టు దాఖలా లేదు.

"గొప్ప విద్వాంసులు అన్నాను."

"చివర్లో రెండు మాటలు విన్నాను. చివరి... బంతి?"

"అదే. చివరి బంతి అంటే... మహా విద్వాంసులు అని."

"మంచి మాట," అన్నాడాయన, వైరు చుట్టడం ఆపకుండా. "ఇంకోసారి అను." అన్నాను. ఆయన మూడుసార్లు పలికి, నాతో సరిదిద్దించుకున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. ఆ కార్టూన్లు బాగున్నాయని సంఘం వాళ్ళు నెలనెలా పిల్లల కోసం వెయ్యమన్నారు. అంటే నెలనెలా నేను ఆ కౌంటర్ దగ్గరికి వెళ్ళవలసిందే. తలుపు తోసేసరికి ఆయన చెయ్యెత్తి, లైబ్రరీలో అందరికీ వినపడేలా "చివరి బంతి" అనేవాడు. పక్క కౌంటర్ ఆవిడకి నన్ను చూపించి, "ఇతని భాషలో మహా విద్వాంసుడని అర్థం. ఇతనే నేర్పాడు," అని చెప్పాడు. ఆవిడా నేర్చుకుంది. మూడో నెల నించి ఇద్దరూ కలిసి అనేవారు. నేను తల ఊపి, చెవులు మండుతుంటే రీళ్ళ పేర్లు చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

ఆయన రీళ్ళు వెతికి ఇస్తూ తన కబుర్లు చెప్పేవాడు. "మమ్మల్ని ఒక పొద్దున పిలిచి నిలబెట్టి వాయించమన్నారు. ఎందుకో చెప్పలేదు. తరవాత థియేటర్‌కి వెళ్ళి చూస్తే నేను కొంగని. ఆ కొంగని చూడ్డానికి వెనక మెట్లెక్కి, నల్లవాళ్ళకని వేరే కట్టిన పై వరసలో కూర్చోవలసి వచ్చింది."

"కొంగగా గీస్తే మీకు కష్టమనిపించలేదా?"

"నేను అదృష్టవంతుణ్ణి. మావాళ్ళని కొందర్ని మనుషులుగానే గీశారు, లావు పెదాలు పెట్టి, వెక్కిరింతగా. ఆ రీళ్ళు నేను పిల్లలకి ఇవ్వను."

ఇంకోసారి, అక్క నన్ను రాజావారని ఎందుకంటుందని అడిగాడు. నేను కాస్త పొంగి, మా దివాణం సంగతి అరగంట చెప్పాను. అంతా విని, "మా వృత్తిలోనూ రాజులూ ప్రభువులూ చాలామంది ఉండేవాళ్ళు. అందరూ తమకి తామే పెట్టుకున్నారు ఆ బిరుదులు. ఒక్కడికీ ఎకరం నేల లేదు," అన్నాడు. మాకూ లేదని చెప్పబోయి ఆగిపోయాను.

చెప్పాలని ప్రతి నెలా బయల్దేరేవాణ్ణి. సైకిల్ మీద దారి పొడుగునా ఇంగ్లీషులో క్షమాపణ వల్లె వేసేవాణ్ణి. తీరా వెళ్ళాక, "ఈ ప్రొజెక్టర్ తిప్పడం నేర్పిస్తారా?" అని మాత్రం అడగగలిగాను. నేర్పాడు. ఆ యంత్రంలో ఫిల్ము ఎక్కించడానికి సందుల్లోంచి పోనిచ్చి, చిన్న చిన్న పళ్ళ చక్రాలకి తగిలించాలి. నిటారుగా నిలబడితే ఏమీ కనపడదు. వంగక తప్పదు. వంగాను. "ఇంకొంచెం," అనేవాడు ఆయన వెనక నించి.

అక్టోబరులో ఒకరోజు లైబ్రరీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన పోస్టర్ కనపడింది. శనివారం మధ్యాహ్నం, లైబ్రరీ పెరట్లో, రీళ్ళ తాతా ఆయన పాత స్నేహితులిద్దరూ కలిసి సంగీతం వాయిస్తారు. పైన ఇంత పెద్ద అక్షరాల్లో వాళ్ళ బృందం పేరు: 'ది చివరి బంతి ట్రియో'. దాని కింద చిన్న అక్షరాల్లో: 'ఒక ప్రాచీన భాషలో, మహా విద్వాంసులు'.

ఆ శనివారానికి అక్కా బావగారూ వస్తారు, వాళ్ళ వెనకాల సంఘం సగం వస్తుంది. పోస్టర్ చదివి పగలబడి నవ్వుతారు. క్లారినెట్ పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయన, ఎందుకు నవ్వుతున్నారని ఎవర్నో అడుగుతాడు. డెబ్బై ఏళ్ళ మనిషిని, తిరిగి నలుగురి ముందూ వాయించబోయే రోజున, నా మూలంగా రెండోసారి కొంగని చెయ్యబోతున్నారు. నేను పోస్టర్ చూసిన రోజు ఆయనకి సెలవు. మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి బయల్దేరాను. ఎదురుగాలి. దిగలేదు, హ్యాండిల్ మీదికి వంగి తొక్కుకుంటూ వెళ్ళాను.

"ఆ పోస్టర్ మార్చాలి," అన్నాను రొప్పుతూ.

"స్పెల్లింగ్ తప్పా?"

"అర్థం తప్పు."

చెప్పాను. బంతి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికే చాలాసేపు పట్టింది. వరసగా కూర్చుని తినడం, మొదట ఎవరు, తరవాత ఎవరు, చివరికి ఎవరు, ఎందుకు. మైకులో నేనన్న మాట. ఆ తరవాత చెప్పిన అబద్ధం. ఆయన చేతితొడుగులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"పెరుగన్నం మిగిలే వరస," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీ అక్క చెప్పింది. ఆ రోజే, నా పక్కన కూర్చుని తింటూ. దీన్ని చివరి బంతి అంటారు, మా తమ్ముడు తెలివితక్కువగా మిమ్మల్నిక్కడ కూర్చోబెట్టాడు, అందుకే నేనూ ఇక్కడే కూర్చున్నాను అంది. ఆ మాట నాకు నేర్పింది కూడా ఆవిడే. మీ భాషలో నాకు వచ్చినవి ఆ రెండే మాటలు. తరవాత అరగంటకి నువ్వు మైకులో అన్నవీ ఆ రెండే."

"మరి ఏడు నెలలుగా..."

"మా సంగీతంలో ఒక పద్ధతుంది. ఎదుటివాడు అందుకునేదాకా ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తాం. నువ్వు అందుకోవడం కొంచెం ఆలస్యమైంది."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ముందు ఆ ఊరగాయ కారమనుకున్నాను." నవ్వలేదు. "కూర్చోబెట్టినందుకు కాదు. నలభై ఏళ్ళు హోటళ్ళలో వాయించడానికి వంటింటి గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాను. వెళ్ళమన్నవాళ్ళు చాలామంది. కానీ ఇదే మీకు సింహద్వారం అని చెప్పినవాడు ఎవడూ లేడు. నువ్వే."

నేను క్షమించమన్నాను. ఆ మాట మా దివాణంలో మొదటిసారి పలికింది నేనే అయి ఉంటాను, అదీ లైబ్రరీ కౌంటర్ దగ్గర, తలకి చెమట పట్టి, సైకిల్ క్లిప్పు ప్యాంటుకే ఉండగా. ఆయన సరేననలేదు, ఫరవాలేదనలేదు. సొరుగులోంచి కలం తీసి నా ముందు పెట్టాడు. "పేరు బాగుంది, ఉండనీ. మావాళ్ళకీ నచ్చింది, ముగ్గురం ఎప్పుడూ అందరి తరవాత తిన్నవాళ్ళమే. అర్థం మాత్రం నువ్వే దిద్దు."

పోస్టర్ దగ్గరికి వెళ్ళి, మహా విద్వాంసులన్నది కొట్టేసి, 'అందరూ తిన్నాక తినేవాళ్ళ వరస' అని ఇంగ్లీషులో రాశాను. పక్క కౌంటర్ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, నా వైపు చూసింది. ఆవిడ ఆ తరవాత నన్నెప్పుడూ ఆ మాటతో పలకరించలేదు.

శనివారం మనవాళ్ళు బాగానే వచ్చారు. పోస్టర్ చదివి నవ్వారు, నవ్వుతూ నా వైపు తిరిగారు. నేను రెండో వరసలో కూర్చుని ఆ నవ్వు అంతా తీసుకున్నాను. అక్క ముందు వరసలో ఉంది. "నువ్వు ముందే నాకు చెప్పవలసింది, ఆయనకి తెలుసని," అని ఆవిడ చెవిలో గొణిగాను.

"ఎందుకు చెప్పాలిరా? చెప్తే ఎప్పుడో వెళ్ళి అందంగా ఒక ఉపన్యాసం ఇచ్చేవాడివి. ఆయనే చెప్పొద్దన్నారు. నోరు మూసుకుని విను."

టకటకమని రెండు వేళ్ళు మోకాలి మీద పడ్డాయి. విన్నాను. తెర మీద పది సెకన్లే వాయించిన కుర్రాడు ఆ రోజు గంటన్నర వాయించాడు. ఒక్కసారి కూడా కొంగ అవలేదు. తరవాత కాఫీ, బిస్కట్లు పెట్టారు. అందరూ కాగితం ప్లేట్లు పట్టుకుని క్యూ కట్టారు. నేను చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి విరిగిన బిస్కట్లున్నాయి. వెనక నించి, "ఇంకొంచెం వంగితే అడుగున ఒకటి మంచిది ఉంది," అని ఆయన గొంతు వినపడింది.

రీళ్ళ తాత పోయి చాలా కాలమైంది. ఆ రోజు నించీ నేను ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ సభకి వెళ్ళినా, వడ్డించి, చివరి బంతిలోనే కూర్చుంటాను. అది నాకు నేను వేసుకున్న శిక్ష. కానీ జనం ఏమనుకుంటారో చూడండి. మొన్న ఒక గృహప్రవేశంలో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు తన భార్యకి నన్ను చూపించి, "అంకుల్‌ వాళ్ళది పెద్ద జమీందారీ ఫ్యామిలీ. చూడు, అందరూ తిన్నాక గాని తినరు. ఆ సంస్కారమే వేరు," అంటున్నాడు. అలా కాదు బాబూ, అసలు సంగతి ఇదీ అని చెప్పవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. చెప్పలేదు. వీపు నిటారు చేసి, కొంచెంగా, దివాణం వాళ్ళు ఊపినట్టు, తల ఊపాను.

ఎదురు వరసలో కూర్చున్న అక్క, ఇప్పుడు ఆవిడకీ డెబ్బై దాటాయి, నా వంక చూస్తూ ప్లేటు అంచు మీద రెండు వేళ్ళతో టకటకమని రెండుసార్లు కొట్టింది. నేను తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను.